చిటికెన వేలు చూడకుండా

ఏప్రిల్ 13, సోమవారం

ఉదయం 5.30. లేచాను! అలారం కంటే ముందే!

నిన్న రఘునాథపల్లి రిసెప్షన్‌లో జరిగింది మళ్లీ జరగకూడదు. అందుకే ఈ డైరీ.

పగలు జనగామలో ఫ్రిజ్‌లు, కూలర్లు బాగుచేస్తాను. పెళ్లిళ్ల రోజుల్లో ఐలేశన్న ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయిస్తాను. ఇరవై ఏళ్లు. ఒక్కరు కూడా నా వాయింపుకు వంక పెట్టలేదు. అందులో నా గొప్పేమీ లేదు. గొప్పంతా అబ్రహాం సార్ ఎడమ చేతిది. ఆయన కీబోర్డు వాయిస్తుంటే చిటికెన వేలు ఎక్కడ పడితే నేనూ గిటారు మీద అక్కడే నొక్కేవాణ్ణి. ఆ స్వరం పేరేమిటని నేనెప్పుడూ అడగలేదు.

సార్‌కి భూపాలపల్లి బడికి బదిలీ అయింది. ఆయన స్థానంలో షారోన్ వచ్చింది. ఈమధ్యే డిగ్రీ అయిన అమ్మాయి, చర్చిలో వాయిస్తుంది. నిన్న ఆమెతో మొదటి ప్రోగ్రాం. అలవాటుగా ఆమె చిటికెన వేలు చూశాను. అక్కడే వేశాను. దేవుడా! ముందు వరసలో ఒక ముసలాయన ప్లేటు పట్టుకుని లేచి వెనక్కి వెళ్లిపోయాడు. పాట పాడుతున్న షకీలా ఆపా మైకు దించి నన్ను చూసింది.

తర్వాత తెలిసింది. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ అని ఒక బటన్ ఉంటుందట. అది నొక్కితే వేలు ఒకచోట, శబ్దం ఇంకోచోట. షారోన్ సి మీద వేలు పెడితే స్పీకర్లో డి పలుకుతుంది! నేనేమో సి కొడుతున్నాను!

ఐలేశన్న వ్యాన్‌లోకి డబ్బాలు ఎక్కిస్తూ అన్నాడు. “మాజిద్ భాయ్, ఇంకోపాలి గిట్లయితే బేసు గూడ కీబోర్డు మీదనే కొట్టిస్త. ఇప్పుడు శాన ఆర్కెస్ట్రాలల్ల బేసు మనిషే లేడు.”

నవ్వుతూ అంటున్నాడేమోనని ముఖం చూశాను. నవ్వలేదు.

మే 9న భూపాలపల్లిలో అబ్రహాం సార్ మేనకోడలి రిసెప్షన్. మా ఆర్కెస్ట్రానే. సార్ ముందు వరసలో కూర్చుంటారు. ఆ లోపు మ్యూజిక్ థియరీ నేర్చుకుంటాను. మొత్తం! స్వరాల పేర్లు, స్కేళ్లు, నాలుగు స్వరాలు కలిపి కొట్టే కార్డులు, వీలైతే కాగితం మీద రాసిన సంగీతం చదవడం కూడా.

రోజూ తెల్లవారుజామున ఒక గంట. ఎవరు ఆపుతారో చూస్తాను.

ఏప్రిల్ 14, మంగళవారం

సెలవు. షాపు మూశాను. తెల్ల టేపు ముక్కలు చేసి ఒక్కో ముక్క మీద ఒక్కో అక్షరం రాసి గిటారు మెడ మీది గడుల్లో అంటించాను. ఇ, ఎఫ్, జి... నాలుగు తీగలు. గిటారు దవాఖానా నుంచి వచ్చినట్టుంది.

గట్టిగా చదువుతున్నాను. ఫరహత్ వంటింట్లోంచి వచ్చింది.

“క్యా జీ? ఎల్‌కేజీల చేరిన్రా?”

“థియరీ.”

“ఏ బీ సీ డీలు గద ఇవి. ఇందుల థియరీ ఏమున్నది?”

“జి తర్వాత హెచ్ రాదు. మళ్లీ ఏ వస్తది. తెల్సా నీకు?”

నా భార్య ఒక టేపు ముక్కను గోటితో గీకి చూసింది. “గిది నేర్పనీకె ఫీజు గిట్ట కట్టలేదు గద?” అని లోపలికి వెళ్లింది.

కట్టలేదు. అన్నీ ఫోన్లోనే ఉన్నాయి. ఎంత మంచి కాలంలో పుట్టాను!

ఏప్రిల్ 15, బుధవారం

మేజర్ స్కేలు వచ్చేసింది!!

రెండు గడులు, రెండు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి. ఎక్కడ మొదలుపెట్టినా ఇదే లెక్క. వాయిస్తుంటే ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లూ నా వేళ్లు ఈ దారిలోనే తిరిగాయి. దారికి ఒక పేరుందని నాకు తెలియదు, అంతే. మన వీధిలోనే ఉన్న మనిషిని ఇప్పుడు పరిచయం చేసుకున్నట్టుంది.

ఇదే వేగంతో పోతే నెలాఖరుకు అంతా అయిపోతుంది. మే నెలలో ఏం నేర్చుకోవాలో ఇప్పుడే ఆలోచించాలి.

ఏప్రిల్ 17, శుక్రవారం

జుమ్మా నమాజు నుంచి వచ్చి షాపు తెరిచాను. గిటారు శ్రుతి చూసే యాప్ ఫోన్లో ఉంది కదా, ఊరికే ఒక ఫ్రిజ్ దగ్గర పెట్టాను. జి చూపించింది! రెండో ఫ్రిజ్. జి! మూడోది. జి కంటే పిసరంత పైన! అన్నీ ఒకే శ్రుతిలో పాడుతున్నాయి. ఎన్నేళ్లుగా వీటి మధ్య కూర్చున్నాను!

ఒక అమ్మ ఫ్రిజ్ తీసుకుపోవడానికి వచ్చింది. ఉండబట్టలేక చెప్పాను. “మీ ఫ్రిజ్ జి లో పాడుతుందమ్మా.”

“అయ్యో! రిపేరు చేసినంక గూడ పాడుతుందా?” అని తీసుకోకుండా వెళ్లిపోయింది. పరిగెత్తి వెళ్లి నచ్చచెప్పి తీసుకొచ్చాను.

ఈ ఆనందంలో ఉదయం సాధన చేయలేదు. అయినా యాప్‌తో చేసింది సాధన కిందికే వస్తుంది.

ఏప్రిల్ 18, శనివారం

సర్కిల్ ఆఫ్ ఫిఫ్త్స్ అని ఒక చక్రం. పన్నెండు స్కేళ్లూ గడియారంలా ఉంటాయి. చాలా అందంగా ఉంది. ప్రింటు తీయించి ఇంట్లో గోడకు అంటించాను.

అర్థం కాలేదు.

సాయంత్రం మళ్లీ చూశాను. ఎఫ్ షార్ప్, జి ఫ్లాట్ ఒకటేనట. ఒకటే అయితే రెండు పేర్లెందుకు? వీడియోలో సార్ నవ్వుతూ “ఇది చాలా సులువు” అన్నాడు. ఆయన నవ్వు నాకు నచ్చలేదు. వేరే సార్‌ని వెతకాలి.

ఏప్రిల్ 21, మంగళవారం

రెండు రోజులు రాయలేదు. ఎండ! జనగామ పెనంలా ఉంది. ఊళ్లో ఉన్న కూలర్లన్నీ ఒకేసారి ప్రాణం వదులుతున్నాయి. వేసవిలో ఫ్రిజ్ మెకానిక్ థియరీ నేర్చుకోవాలనుకోవడం బుద్ధి తక్కువ. శీతాకాలంలో మొదలుపెట్టాల్సింది.

వేరే సార్ దొరికాడు. ఈయన నవ్వడు. కానీ వీడియో రెండు గంటలు.

రేపటి నుంచి మళ్లీ అయిదున్నర.

ఏప్రిల్ 24, శుక్రవారం

అసలు లోపం తీగల్లో ఉంది. పాతబడిపోయాయి. జిడ్డు తీగలతో ఎవరికైనా సాధన చేయబుద్ధి అవుతుందా? కొత్తవి హనుమకొండ నుంచి తెప్పించాలి. వచ్చాక మొదలు.

తీగలు వచ్చేలోగా సమయం వృథా చేయలేదు. “సాధన మీద ఆసక్తి తగ్గకుండా ఉండడం ఎలా” అనే వీడియో చూశాను. చాలా బాగుంది. చిన్న లక్ష్యాలు పెట్టుకోమన్నాడు. అలాంటివే మరో నాలుగు చూశాను. మధ్యాహ్నం అయిపోయింది. నాకు ఇప్పుడు ఆసక్తి విపరీతంగా ఉంది. సాధనే లేదు.

ఏప్రిల్ 27, సోమవారం

తీగలు వచ్చాయి. వేశాను. వేసేటప్పుడు టేపు ముక్కలు ఊడిపోయాయి. మిగిలినవి చెమటకు జారాయి. ఏ అక్షరం ఏ గడిదో గుర్తు లేదు.

ఐలేశన్న ఫోన్. “భాయ్, ఎక్కడిదాంక వచ్చింది నీ థియరీ?”

“అయిపోవస్తుందన్నా.”

ఎందుకలా అన్నాను? నోరు దానంతటదే అంది. ఆయన సంతోషపడ్డాడు. “మంచిగైంది. షారోన్‌కు గూడ చెప్త, పరేషాన్ గావొద్దని.”

ఆ అమ్మాయి ఎందుకు పరేషాన్ అవుతుంది? బటన్ నొక్కేది ఆమె. పరువు పోయేది నాది.

ఏప్రిల్ 30, గురువారం

నెలాఖరు. అంతా అయిపోవాల్సిన రోజు.

చక్రం ప్రింటు గోడ మీంచి పడిపోయింది. ఫరహత్ దాన్ని మడిచి గిన్నె మీద మూతగా పెట్టింది. గిన్నెలో పెరుగుంది. మూత సరిగ్గా సరిపోయింది.

మే 2, శనివారం

ఓడిపోయాను. ఒప్పుకోవడమే మేలు.

ఉదయం గిటారును సంచిలో పెట్టి జిప్పు వేశాను. ఐలేశన్నకు ఫోన్ చేద్దామని తీశాను. ‘అన్నా, బేసు కీబోర్డు మీదనే కొట్టించు, నేను మానుకుంటున్న’ అని చెప్పడానికి. మనసులో మూడుసార్లు అనుకున్నాను కూడా.

ఫరహత్ మామిడికాయలు తరుగుతోంది. నా ముఖం చూసి కత్తిపీట పక్కకు జరిపింది.

“ఎవలకు ఫోన్?”

చెప్పాను. అంతా చెప్పాను. ఐలేశన్న మాట కూడా. ఇన్నాళ్లూ అది ఆమెకు చెప్పలేదు.

“మానుకుంటే ఏం జేస్తరు?”

“ఏమున్నది, రోజూ షాపు. ఫంక్షన్లకు పోయేటి తిప్పలుండదు. నీకూ మంచిదే గద.”

“నాకు మంచిదా?” అంది. “నేను చెప్పనా జీ? మీరు ప్రోగ్రాం కొట్టి వచ్చిన తెల్లారి ఇంట్ల ఎవ్వల మీద గూడ చిడచిడ పడరు. చాయ్‌ల చక్కెర తక్కువైన నవ్వుకుంట తాగుతరు. నేను గా రోజు చూసుకొనే అడిగేటియన్ని అడుగుత. ఫోన్ లోపల పెట్టున్రి.”

పెట్టాను.

“అంత రాకపోతే పాయె. వచ్చినకాడికి ఏమొచ్చింది?”

“మేజర్ స్కేలు.”

“గదైతే గదే కొట్టున్రి.”

కొట్టాను. ఆమె మామిడికాయలు తరుగుతూ వింది. రెండు, రెండు, ఒకటి. చేతులు మరిచిపోలేదు.

మే 4, సోమవారం

ఈ రోజు జరిగింది జాగ్రత్తగా రాయాలి.

షాపుకి షారోన్ వచ్చింది. చేతిలో కూలర్ మోటారు. వాళ్లింటిది కాలిపోయిందట. మోటారు బల్ల మీద పెట్టింది కానీ వెళ్లలేదు.

“మాజిద్ అంకుల్, మీకు నా మీద కోపమా?”

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

“గా రోజు రఘునాథపల్లిల మొత్తం ఖరాబైంది. నాకు సి ఒక్కటే వస్తది అంకుల్. వేరే స్కేలుల కొట్టరాదు. అందుకే బటన్ నొక్కుత. చర్చిల నడిచిపోయింది. ఈడ ఐలేశన్న ఏమన్నడంటే, ‘మాజిద్ భాయ్ ఇరవై ఏండ్ల నుంచి కొడుతుండు, ఆయన చెయ్యి చూసుకుంట కొట్టు, తప్పు పోవు’ అన్నడు. నేను మీ చెయ్యి చూసుకుంటనే కొట్టిన.”

“నా చెయ్యా?”

“మరి? మీరెటు పోతే అటు.”

నేను ఆమె చేయి చూస్తున్నాను. ఆమె నా చేయి చూస్తోంది. దారి తెలియని ఇద్దరు ఒకరి వెనక ఒకరు నడుస్తూ ఆ మండపమంతా తిరిగాం!

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఆమె మొదట భయపడింది. తర్వాత నేను నా చిటికెన వేలి కథ చెప్పాను. అప్పుడు ఆమె కూడా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూనే. గ్యాస్ సిలిండరు మీద కూర్చుని మరీ నవ్వింది.

నవ్వులయ్యాక అడిగాను. “నీకు థియరీ ఏమన్న వస్తదా బిడ్డా?”

“నంబర్లు వస్తయి. చర్చిల ఒక అన్న చెప్పిండు. స్కేలుల మొదటిది ఒకటి. ఆడి నుంచి నాలుగోది, అయిదోది. శాన పాటలు గా మూడింటితోనే నడుస్తయి. నాకు సి అంటే ఒకటి, ఎఫ్ అంటే నాలుగు, జి అంటే అయిదు.”

గిటారు ఉదయమే షాపుకి తెచ్చుకున్నాను. తీశాను. పాట డి లో ఉంటే నా ఒకటి డి. అక్కడి నుంచి మేజర్ స్కేలు లెక్కపెట్టాను, రెండు, రెండు, ఒకటి. నాలుగోది కింది తీగ మీద అదే గడిలో ఉంది. అయిదోది దానికి రెండు గడుల ముందు. ఇంకో గడి నుంచి మొదలుపెట్టి చూశాను. అదే ఆకారం. ఇంకోచోట. అదే!

ఆమె వేలు ఎక్కడుందో నాకక్కర్లేదు. ఎన్నోదో తెలిస్తే చాలు.

“ఇంగ బటన్ ఎంత నొక్కుతవో నాకు ముందే చెప్పాలె,” అన్నాను.

“చెప్త అంకుల్. మీరు కోపం జేయొద్దు.”

మోటారుకు కొత్త తీగ చుట్టి ఇచ్చాను.

మే 6, బుధవారం

సాయంత్రం ఐలేశన్న ఇంట్లో రిహార్సల్. షారోన్ తల ఊపుతూ “నాలుగు... అయిదు... ఒకటి” అని పెదాలతో చెబుతోంది. నేను వేస్తున్నాను. షకీలా ఆపా పాడుతూ పాడుతూ ఒకసారి నా వైపు తిరిగి కనుబొమ్మలెగరేసింది. ఆమె ఎవరినీ తేలిగ్గా మెచ్చుకోదు.

ఒక నెమ్మది పాటలో మాత్రం షారోన్ “ఆరు” అంది. ఆరు నాకు రాదు. ఆగిపోయాను. మళ్లీ “ఒకటి” అనేదాకా ఊరికే నిలబడ్డాను. ఐలేశన్న డ్రమ్ ప్యాడ్స్ కొడుతూనే చూశాడు.

థియరీ మొత్తం నేర్చుకుంటానన్నవాడికి మూడు నంబర్లు వచ్చాయి. శనివారం వీటితోనే వెళ్లాలి.

మే 10, ఆదివారం

నిన్న భూపాలపల్లి.

వ్యాన్ రేగొండ దాటుతుండగా ఈదురుగాలి మొదలైంది. ఫంక్షన్ హాలు చేరేసరికి మబ్బు. అబ్రహాం సార్ గేటు దగ్గరే ఉన్నారు, కొత్త చొక్కాలో. నన్ను పట్టుకుని హాలంతా తిప్పి చుట్టాలకు చూపించారు. “మా మాజిద్ భాయ్. ఇరవై ఏండ్ల దోస్తు.” నేను లోపల ఒకటి, నాలుగు, అయిదు లెక్కపెట్టుకుంటున్నానని ఆయనకు తెలియదు.

మొదటి మూడు పాటలు బాగా వచ్చాయి. నాలుగోదానికి షారోన్ “బటన్ రెండు పైకి” అని చెప్పింది, అంటే డి. షకీలా ఆపా పల్లవి ఎత్తుకుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

చీకటి. పిల్లల ఈలలు. కాసేపటికి జనరేటర్ అందుకుంది. ఐలేశన్న కర్రలతో లెక్కపెట్టాడు, ఒకటి, రెండు, మూడు, నాలుగు. అందరం కలిసి మొదలుపెట్టాం.

ఘోరం! రఘునాథపల్లి మళ్లీ వచ్చింది!

అందరూ నన్నే చూశారు. ఐలేశన్న, షకీలా ఆపా, ముందు వరసలో అబ్రహాం సార్. ఆపా పాట ఎత్తుకోకుండా మైకు పట్టుకుని నిలబడింది. షారోన్ ముఖం తెల్లబోయింది. ఆమె చేయి సరిగ్గానే ఉంది. నా చేయీ సరిగ్గానే ఉంది. నేను కళ్లు మూసుకున్నాను. ఆమె ఒకటి విన్నాను. నా ఒకటి విన్నాను. ఆమెది కిందుంది. ఎంత కింద? రెండు గడులు.

బటన్! కరెంటు పోయి వచ్చేసరికి బటన్ సున్నా మీదికి వెళ్లిపోయింది. కీబోర్డు సి లో ఉంది. పాట మధ్యలో దాన్ని మార్చడం ఆమెకు కుదరదు. నేను మారగలను.

చేయి మొత్తం రెండు గడులు వెనక్కి జరిపాను. అదే ఆకారం. ఒకటి, నాలుగు, అయిదు.

కలిసింది.

కలిసిన చప్పుడు నా పొట్టలో తెలిసింది. షారోన్‌కి తలూపాను, ఆపకు అని. షకీలా ఆపా ఒక్క క్షణం విని, గొంతు కిందికి దించి ఎత్తుకుంది. పాట కొంచెం బరువుగా వచ్చింది. అలాగే ఇంకా బాగుందని పెళ్లికూతురి మేనత్త తర్వాత చెప్పింది.

ఇరవై ఏళ్లలో తప్పు ఎన్నోసార్లు విన్నాను. తప్పు ఎక్కడుందో తెలియడం నిన్నే మొదటిసారి.

అన్నీ బాగా జరిగాయని రాయలేను. నెమ్మది పాటలో ఆరు వచ్చింది. మళ్లీ ఆగిపోయాను. ఇంకో పాటలో నాలుగనుకుని అయిదు వేశాను. ఎవరూ ప్లేటు పట్టుకుని లేవలేదు.

భోజనాల దగ్గర ఐలేశన్న వచ్చాడు. “కరెంట్ వచ్చినంక ఏమైంది? తప్పెవలది?”

“కరెంటుది,” అన్నాను.

“కాదన్నా, నాది,” అంది షారోన్. “బటన్ జీరో అయింది, నేను చూస్కోలే. అంకులే సదిరిండు.”

ఐలేశన్న చేతిలో ముక్క పట్టుకుని నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. “ఎట్ల తెల్సింది భాయ్ నీకు?”

“థియరీ,” అన్నాను. ఈ ఒక్క మాట కోసం నెల రోజులు ఎదురుచూశాను!

“సరే. కీబోర్డు మీద బేసు ముచ్చట బంద్. నేను అననే లేదనుకో.” నా విస్తట్లో ఇంకో గరిటె బిర్యానీ వేయించాడు.

బయల్దేరేటప్పుడు అబ్రహాం సార్ వ్యాన్ దాకా వచ్చారు. “ఇయ్యాల ఎవల చెయ్యి దిక్కు చూడకుంట కొట్టినవ్ భాయ్.”

“మీకు... తెల్సా సార్?”

“తెల్వకేంది? నువ్వు చూస్తున్నవనే నేను చిటికెనేలు జర పైకి లేపి కొట్టేటోన్ని. లేకపోతే నీకు మంచిగ కనపడకపోవు.”

వ్యాన్ కదిలింది. పక్కన షారోన్ కీబోర్డు ఒళ్లో పెట్టుకుని నిద్రపోయింది. ఇరవై ఏళ్లు ఆ మనిషి నా కోసం వేలెత్తి వాయించాడు. ఒక్కసారి కూడా నాతో అనలేదు.

మే 11, సోమవారం

ఉదయం 5.30కి లేవలేదు. 7.30. చాయ్‌లో చక్కెర లేదు. నవ్వుతూ తాగాను. ఫరహత్ వెంటనే, వంటింట్లో కొత్త అరలు కావాలంది. సరే అన్నాను.

షారోన్ ఫోన్ చేసింది. బటన్ లేకుండా డి లో వాయించడం నేర్చుకుంటుందట. ఆదివారం చర్చి అయ్యాక షాపుకి వస్తానంది. “తప్పులొస్తే మీరు నవ్వొద్దు అంకుల్.”

“నేను ఆరు కాడ ఆగిపోతే నువ్వు నవ్వొద్దు.”

ఒప్పందం.

థియరీ మొత్తం అని ఇక అనను. ముందు ఆరు. ఆరు వచ్చాక రెండు. పెరుగు గిన్నె ఖాళీ అయ్యాక ఆ చక్రం తెచ్చుకుంటాను, మరక పడినా పర్లేదు.

రేపటి నుంచి రోజూ అని రాయబోయి ఆగాను. షాపు కట్టేసి వచ్చాను. బయట ఇంకా వెలుతురుంది. గిటారు సంచి నాకు మూరెడు దూరంలో ఉంది. రేపెందుకు?

డైరీ ఇక్కడ ఆపుతున్నాను. చేతులు ఖాళీ కావాలి.